లెక్కల సార్ లేని మా బడికి దొరికిన కండక్టర్ అన్నకు

మధ్యాహ్నం టెన్త్ రిజల్ట్స్ వచ్చాయి. మా బిడ్డ పాసైంది. 35 వస్తే చాలని మొక్కుకున్న లెక్కల్లో 68 వచ్చాయి. ఏడుపు ఆగడం లేదు, ఒళ్లంతా అలసటగా ఉంది, అయినా ఈ మాట ఈ రాత్రే చెప్పాలి.

మా ఊరికి నైట్ హాల్ట్ బస్సులో వచ్చే కండక్టర్ అన్నా, నీకు దండం. పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు.

మాది తెలంగాణలో డిండి వైపు తండా. ఇంట్లో లంబాడీ, బడిలో ఏడు దాకా తెలుగు. 2022-23లో ఎనిమిదో తరగతి వరకు ఒకేసారి ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు మా బిడ్డ ఎనిమిదిలో ఉంది. ఎలాగో నెట్టుకొచ్చింది. పదిలోకి వచ్చాక లెక్కల సార్ బదిలీ మీద వెళ్లిపోయారు. సంక్రాంతి దాటినా ఆ కుర్చీ ఖాళీనే. ఆఫీసర్లను అడిగితే పంపిస్తామన్నారు. సార్‌ను పంపలేదు గానీ, నూరు శాతం ఫలితాలు రావాలని మీటింగులు మాత్రం పెట్టారు. లెక్కలు చెప్పేవాళ్లే లేకుండా పిల్లలకు మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి? ఇప్పుడు ఆ 68 కూడా వాళ్ల ఖాతాలోనే రాసుకుంటారు, అదే నా బాధ.

ఒక రాత్రి బిడ్డ బడి వరండాలో వర్గ సమీకరణం దగ్గర ఆగిపోయి కూర్చుంటే ఈ అన్న చూశాడు. బీఎస్సీ మ్యాథ్స్ చదివాడట. అప్పటి నుంచి డ్యూటీ పడిన ప్రతి రాత్రీ కలెక్షన్ లెక్క చూసుకుని, తిని, వరండాలో కూర్చునేవాడు. ముందు తెలుగులో చెప్పి, తర్వాత అదే లెక్క ఇంగ్లీషులో చేయించేవాడు. పొద్దున చీకటితోనే బస్సు తీయాలి, అయినా విసుక్కోలేదు. ఒక్కతితో మొదలై మా తండా పిల్లలంతా చేరారు. పైసలు ఇవ్వబోతే, "అక్కా, ఇదేం పని" అని కోపం చేశాడు.

ఈరోజు రిజల్ట్ మాకు చెప్పింది ఆయనే. మేము ఫోన్‌లో నెట్ అందక తిప్పలు పడుతుంటే ఫోన్ చేసి, "అక్కా, బిడ్డకు 68" అన్నాడు. ప్రతి పిల్ల హాల్ టికెట్ నంబర్ రాసి పెట్టుకున్నాడట. మాట రాక ఫోన్ మా ఆయనకిచ్చాను.

మా ఆయన, రోజూ సెంటర్‌కు బండి మీద తీసుకెళ్లిన మా తమ్ముడు, మా అత్తమ్మ, అందరికీ థ్యాంక్స్.

అయ్యో, పాత ప్రశ్నపత్రాలు ఊరికే తీసిచ్చిన జిరాక్స్ షాపు తమ్ముడిని మరిచాను. స్పెషల్ క్లాసులకు ఉన్న పిల్లలకు గుడాలు ఉడికించి పెట్టిన వంట అక్కలను కూడా. సెంటర్ దగ్గర కళ్లు తిరిగితే ఓఆర్‌ఎస్ తాగించిన ఏఎన్ఎమ్ మేడమ్, మీ పేరు కూడా అడగలేదు. డ్రైవర్ అన్నా, పిల్లలు చదువు ముగించి లేచేదాకా నువ్వూ పడుకోలేదు, నీకూ.