శ్రావణం ఆర్డర్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారం. శ్రావణ మాసం పెళ్ళిళ్ళకి మా రాజమండ్రి షాపులో అడ్డుతెరలు, పీటలు, కొబ్బరిబోండాలు ఆర్డరిచ్చినవాళ్ళకి ఒక మాట చెప్పుకోవాలి. మీ సామాను అనుకున్న రోజుకంటే వారం ఆలస్యంగా అందుతుంది. మొదటి వారంలోనే ముహూర్తాలున్న నాలుగు ఇళ్ళవి మాత్రం ముందు కూర్చుని పూర్తిచేస్తున్నాను, వాళ్ళకి టెన్షన్ అక్కర్లేదు. మిగతావాళ్ళకి 'పని ఎక్కువైంది' అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. తప్పు నా వైపే జరిగింది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మాకు పని తక్కువ. అప్పుడు పాత కస్టమర్ ఒకావిడ వచ్చారు. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి పెళ్ళికి అడ్డుతెర మా దగ్గరే వేయించుకున్నారు. వాళ్ళమ్మగారు పోయి ఏడాది కావస్తోందట. "సంవత్సరీకానికి అమ్మ బొమ్మ హాల్లో పెట్టుకోవాలమ్మా. ఫొటో పెద్దది చేయిస్తే మసకగా వస్తోంది. నువ్వు వేసిపెట్టు" అన్నారు. మనవరాలు తీసిన సెల్ఫీ ఒకటి చూపించారు. అమ్మగారు మనసారా నవ్విన ఫొటో అదొక్కటేనట.

నేను పన్నెండేళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను. కానీ అన్నీ సీతారాములు, పద్మావతీ శ్రీనివాసులే. ఫొటో చూసి ఒక మనిషి ముఖం వేయడం ఇదే మొదటిసారి. ఆ సంగతి ముందే చెప్పాను, అయినా నమ్మి ఇచ్చారు. 16×20 అంగుళాల కాన్వాస్, ఆయిల్ రంగులు, 7,500 రూపాయలు అనుకున్నాం.

ఫొటోని పెద్ద ప్రింటు తీయించి, దాని మీద గళ్ళు కొట్టి, కాన్వాస్ మీదా అన్నే గళ్ళు కొట్టి గీశాను. గీత బాగానే వచ్చింది. రంగు దగ్గరే కష్టమైంది. నీడ కోసం నలుపు కలిపితే బుగ్గ మీద బూడిద రాసినట్టు కనిపించింది. నలుపు మానేసి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), తెలుపు, నీడ పడే చోట చిటికెడు అల్ట్రామెరైన్ నీలం కలిపాను. ఈ పాళ్ళు కుదిరేసరికి నాలుగు రోజులు పట్టింది.

తొమ్మిదో రోజున వీడియో కాల్‌లో చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. "అమ్మే. కానీ ఏదో తేడాగా ఉంది, ఏంటో చెప్పలేకపోతున్నాను" అన్నారు. తల్లి గుర్తొచ్చి, ఆ బాధలో అంటున్నారనుకున్నాను. కళ్ళ దగ్గర కాస్త సరిచేస్తానని చెప్పి పెట్టేశాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే. ఆ మాట పట్టుకుని అప్పుడే ఫొటో మళ్ళీ చూడాల్సింది.

సెల్ఫీలో అమ్మగారు ఇంట్లో కట్టే నూలుచీరలో ఉన్నారు. బొమ్మలో ఆవిడకిష్టమైన ఉప్పాడ చీర ఉండాలని ఆ చీరే తెచ్చిచ్చారు. కవరు విప్పగానే కలరా ఉండల వాసన. మడతలు ఎలా పడతాయో చూద్దామని మా ఆడపడుచుకి కట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బ్రష్ తీసుకుని కాన్వాస్ వైపు తిరిగి ఆగిపోయాను. ఆమెకి పైట ఎడమ భుజం మీద ఉంది. బొమ్మలో కుడి భుజం మీద ఉంది.

ఫొటో మళ్ళీ తీసి చూశాను. వెనక గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు తిరగబడి ఉన్నాయి. గోడ వేయక్కర్లేదు కదా అని అటు చూడనేలేదు. కొన్ని ఫోన్లలో సెల్ఫీ అద్దంలో కనిపించినట్టే సేవ్ అవుతుంది. వెంటనే ఫోన్ చేసి "అమ్మగారి ముక్కుపుడక ఏ పక్కనండీ?" అని అడిగాను. "కుడి పక్క" అన్నారు తడుముకోకుండా. నేను ఎడమ పక్క వేశాను. గడ్డం మీది పుట్టుమచ్చ, నవ్వితే కాస్త పైకి లేచే పెదవి చివర, అన్నీ అటువి ఇటు అయిపోయాయి. కూతురు ఇన్నేళ్ళూ ఎదురుగా చూసిన ముఖం కాదది. అద్దంలో అమ్మగారు తనను తాను చూసుకున్న ముఖం.

పైగా చెయ్యి చాపి దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు ఉన్నదానికంటే పెద్దగా, చెవులు చిన్నగా పడతాయి. దాన్నీ ఉన్నదున్నట్టు దించేశాను.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. బీరువాలోంచి ఫొటోలన్నీ తీసి నా ముందు పెట్టారు. పెళ్ళిళ్ళలో దూరం నుంచి తీసినవి, పాస్‌పోర్ట్ సైజువి, ఆధార్ కార్డు కూడా. ముక్కు, చెవులు వాటిని చూసి, నవ్వు మాత్రం కుడిఎడమలు సరిగ్గా వచ్చేలా తిప్పిన సెల్ఫీ చూసి కొత్త కాన్వాస్ మీద మొదలుపెట్టాను. సంవత్సరీకం ఇంకా పదకొండు రోజులు. ముసురుకి ఆయిల్ త్వరగా ఆరదు. అందుకని కింది పూతలు త్వరగా ఆరే యాక్రిలిక్‌తో వేసి, ముఖం మీద మాత్రం పలచగా ఆయిల్ వేశాను. యాక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది, ఆయిల్ మీద యాక్రిలిక్ నిలవదు. అన్ని రోజులూ అడ్డుతెరలు ముట్టుకోలేదు. మీ ఆలస్యం అక్కడ వచ్చింది.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు ఇచ్చాను. ఆవిడ ముక్కుపుడక మీద వేలు పెట్టబోయి, తడి ఉందని చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఏమీ అనలేదు, అలాగే చూస్తూ కూర్చున్నారు. దీపం పొగ, అగరుబత్తి పొగ తగలకుండా పెట్టమన్నాను. ఆరు నెలలయ్యాక వార్నిష్ నేనే వెళ్ళి వేసివస్తాను. రెండో కాన్వాస్‌కి డబ్బు తీసుకోలేదు. మొదటిదాని మీద తెల్లరంగు కొట్టి వేరే బొమ్మకి వాడుకోవచ్చు గానీ, నాకు చెయ్యి రాలేదు. షాపు వెనక గదిలో ఉంది.

ఇలాంటి బొమ్మ కావాలని ఇంకో ఇద్దరు అడిగారు. శ్రావణం పనులన్నీ ఇచ్చేశాకే మొదలుపెడతాను. ఒక ముఖానికి 11,000 తీసుకుంటాను, ఎంత పని ఉంటుందో ఇప్పుడు తెలిసింది కాబట్టి. నాలుగైదు ఫొటోలు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పాత ప్రింట్లు షాపుకి తెస్తే మీ ముందే స్కాన్ చేసి ఇచ్చేస్తాను. పెన్సిల్‌తో గీసిన రోజే ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్ళు వచ్చి చూడాలి. ఏదో తేడాగా ఉందనిపిస్తే, అదేంటో తెలియకపోయినా నాకు చెప్పండి.

శ్రావణం ఆర్డర్ల వాళ్ళలో ఈ వారం రోజుల ఆలస్యం ఎవరికైనా కుదరకపోతే వెంటనే ఫోన్ చేయండి. అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తాను.