బ్రహ్మోత్సవాల పాటల సీజన్ ముందు మన కస్టమర్లకు

నమస్కారం. మన షాపులో వాయించే కీబోర్డు, సౌండ్ కార్డు, మైకు కొన్నవాళ్లకూ, ఇంట్లో రికార్డింగ్ సెటప్ మాచేత పెట్టించుకున్నవాళ్లకూ ఇది రాస్తున్నాను. బ్రహ్మోత్సవాలు దగ్గరపడితే తిరుపతిలోనూ, చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపూ ఇళ్లలో ఉన్న చిన్న స్టూడియోలకు చేతినిండా పని. అన్నమయ్య కీర్తనలు, గోవింద నామాలు, వెంగమాంబ పాటలు కొత్త ట్రాకుల మీద తయారవుతుంటాయి. సరిగ్గా ఆ వారాల్లోనే మా కౌంటర్ మీద లాప్‌టాప్‌లు పేరుకుంటాయి. "అన్నా, కీబోర్డు పోయింది, సౌండే రాలా" అన్న మాట రోజూ వింటాను. ఈ సీజన్ నుంచి సర్వీసు పద్ధతి మారుస్తున్నాను. ఏం మారుస్తున్నానో, ఎందుకో దాపరికం లేకుండా చెబుతాను.

ఇకమీద వస్తువు వదిలేసి పోయే పద్ధతి ఉండదు. ముందుగా ఫోన్ చేసి టైమ్ తీసుకుని రండి. మీ లాప్‌టాప్, మీ కీబోర్డు, మీ కేబుల్ మీ ముందే కలిపి చూస్తాం. తప్పు ఎక్కడుందో తేల్చడానికి డబ్బు తీసుకోం. తేలాక పెద్ద పని ఉంటేనే చార్జీ, అదీ ముందే చెప్పి, మీరు సరేనంటేనే. దీనివల్ల సర్వీసు మీద వచ్చే ఆదాయం కొంత తగ్గుతుందని తెలుసు. కానీ బాగున్న కీబోర్డును మూలన పెట్టి, అప్పు చేసి కొత్తది కొని, ఇంటికెళ్లాక మళ్లీ అదే తంటా పడుతున్న మనిషిని చూస్తే మనసు ఊరుకోదు. "పోయింది" అని మా దగ్గరికి వచ్చే కీబోర్డుల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. తెగింది మధ్యలో ఎక్కడో ఉంటుంది.

కీబోర్డు కంప్యూటర్‌తో మాట్లాడే భాష పేరు మిడి. మిడి కేబుల్‌లో శబ్దం ప్రయాణించదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం చిక్కులు ఇంట్లోనే విడిపోతాయి. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ మీద కాలుందా లేదా, ఇవే అంకెలుగా వెళ్తాయి. విద్వాంసుడి గొంతు ఇంట్లోనే ఉండి, ఆయన స్వరాలు రాసుకున్న నోటుబుక్కు మాత్రం కచేరీకి వెళ్లినట్టు. పాడేది అవతల కంప్యూటర్‌లో ఉన్న ప్లగిన్, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే వాయిద్యం. వేర్వేరు కంపెనీల సింథసైజర్లు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి 1983లో కుదిరిన ఏర్పాటు ఇది. ఒక కేబుల్‌లో 16 ఛానళ్లు, 0 నుంచి 127 దాకా నోట్లు. 2020లో మిడి 2.0 వచ్చినా, మన ఇళ్లలో ఎక్కువగా నడుస్తున్నది ఆ పాత లెక్కే.

కాబట్టి శబ్దం రాకపోతే స్పీకర్ దగ్గరికి పరుగెత్తకండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ను రికార్డుకు సిద్ధంగా పెట్టి, ఒక మీట నొక్కి, మిడి మీటర్ కదిలిందేమో చూడండి. కదిలితే కీబోర్డు, కేబుల్, డ్రైవర్ (కీబోర్డును కంప్యూటర్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రామ్) మూడూ బాగున్నట్టే. ఇక వెతకాల్సింది ప్లగిన్‌లోనో, ట్రాక్ ఔట్‌పుట్‌లోనో, ఛానల్ నంబర్‌లోనో. కీబోర్డు 1వ ఛానల్లో పంపుతూ, ప్లగిన్ 2వ ఛానల్ కోసం కాచుకుని ఉంటే ఎంతసేపు వాయించినా ఉలకదు, పలకదు. మీటర్ అసలు కదలకపోతే తప్పు ఇవతల వైపు ఉంది.

ఇవతల వైపు అంటే చాలాసార్లు కేబులే. ఫోన్ చార్జింగ్ కోసం అమ్మే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కీబోర్డు లైటు చక్కగా వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం అది ఉన్నట్టే తెలియదు. గుండ్రటి ఐదు పిన్నుల పాత రకం కేబుల్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చవక యూఎస్‌బీ మిడి కేబుళ్లు చాలావాటిలో 'ఇన్' అని రాసిన కొస కీబోర్డు 'ఔట్'లోకి వెళ్లాలి. పేర్లు కలిసేలా పెడితే పనిచేయదు. అనుమానం వస్తే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, ఏమీ కాలిపోదు. రోలాండ్ కీబోర్డులు కొన్నింటిలో సిస్టమ్ సెట్టింగుల్లో యూఎస్‌బీ డ్రైవర్ అని ఒకటి ఉంటుంది. అది 'వెండర్'లో ఉండి, కంపెనీ డ్రైవర్ మీ లాప్‌టాప్‌లో లేకపోతే గుర్తుపట్టదు. 'జెనెరిక్'కి మార్చి, కీబోర్డు ఆపి మళ్లీ ఆన్ చేయాలి. విండోస్‌లో కొన్ని డ్రైవర్లు మిడి పోర్టును ఒకసారి ఒకే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తాయి. క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వెనకాల తెరిచి ఉంచి, ఎఫ్ఎల్ స్టూడియో అనే ఇంకోటి ఓపెన్ చేస్తే, రెండోదానికి కీబోర్డు దొరక్కపోవచ్చు.

ఒక మీటకు రెండు శబ్దాలు వస్తే కీబోర్డులో 'లోకల్ కంట్రోల్' (మీట నొక్కితే కీబోర్డు తానే పలికే ఏర్పాటు) ఆఫ్ చేయండి, అంతే. నోటు ఆగకుండా మోగుతూనే ఉంటే ఎఫ్ఎల్ స్టూడియోలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. పెడల్ తలకిందులుగా పనిచేస్తుంటే, అంటే కాలు తీస్తే సస్టెయిన్ (స్వరం సాగడం) వస్తుంటే, పెడల్ మీద కాలు పెట్టకుండా కీబోర్డు ఆపి ఆన్ చేయండి. చాలా కీబోర్డులు పెడల్ ఏ రకమో ఆన్ అయ్యే క్షణంలోనే చూసుకుంటాయి.

ఇప్పుడు మన సంగీతానికి ప్రత్యేకంగా తగిలే చిక్కు. పుత్తూరు వైపు నుంచి ఒక కుర్రాడు ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. పల్లవి తర్వాత నాదస్వరం బిట్, దాని వెనకే చరణం. చరణంలో శ్రుతి కలవడం లేదు. పాడినమ్మాయి మీద తప్పు పెట్టి మళ్లీ మళ్లీ పాడించారట, ఆ పిల్ల ఏడుపొక్కటే తక్కువ. ట్రాక్ తెరిచి పిచ్ బెండ్ గీత చూశాం, అంటే స్వరాన్ని పైకీ కిందికీ ఊపే చక్రం ఎలా కదిలిందో చూపే గీత. మిడిలో పిచ్ బెండ్‌కు 16,384 మెట్లు, నడుమ 8,192 దగ్గర ఉంటే అసలు స్వరం. గమకం సగంలో ఉండగా క్లిప్ కత్తిరించి పక్కన అతికించడంతో, చక్రం మధ్యకు తిరిగి రాలేదు. బెండ్ ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోతుంది, మళ్లీ ఇంకో విలువ వచ్చేదాకా. అదే ప్లగిన్ చరణంలో కూడా వాయిస్తోంది కాబట్టి, చరణం మొత్తం వీసమెత్తు పైశ్రుతిలో నడిచింది. అమ్మాయి గొంతులో ఏ దోషమూ లేదు. చరణం మొదట్లో బెండ్ ఆ మధ్య విలువకి వచ్చేలా ఒక చుక్క పెట్టాం, కుదిరింది. దయచేసి కత్తిరించిన ప్రతి క్లిప్ మొదట్లో ఆ చుక్క పెట్టే అలవాటు చేసుకోండి. గాయకులను అనే ముందు ఆ గీత ఒకసారి చూడండి.

బెండ్ రేంజి, అంటే చక్రం పూర్తిగా తిప్పితే స్వరం ఎంత దూరం పోతుందన్నది కూడా ఇలాంటిదే. కీబోర్డు టోన్లు మామూలుగా రెండు సెమిటోన్లకు (స్వరస్థానాలకు) కట్టి ఉంటాయి. ప్లగిన్‌లో అది 12 అని ఉంటే, మీరు ఒక స్వరస్థానం మేర ఊపిన గమకం అక్కడ ఆరు స్థానాలు దూకుతుంది. రెండు చోట్లా ఒకే అంకె పెట్టుకోండి. రిథమ్ ప్యాడ్ వాళ్లకు ఇంకో మాట. ప్యాడ్లు మామూలుగా జనరల్ మిడి అనే ఉమ్మడి లెక్కలో నోట్లు పంపుతాయి, అందులో కిక్ 36. మృదంగం, తబలా లైబ్రరీలకు వాటి సొంత అమరిక ఉంటుంది, అందుకే 'తోం' కొడితే ఇంకేదో పలుకుతుంది. యూట్యూబ్‌లో 'సీ3 నొక్కండి' అన్నది నమ్మి వెతకొద్దు. 60వ నోటును యమహా, క్యూబేస్ సీ3 అంటాయి, రోలాండ్ సీ4 అంటుంది, ఎఫ్ఎల్ స్టూడియో సీ5 అంటుంది. నోటు నంబర్ చూసుకోవడమే మేలు.

"వాయిస్తా ఉంటే లేటుగా వస్తా ఉంది" అనేవాళ్లకు. బఫర్ అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఎంతెంత ముక్కలుగా పోగేసి పంపుతుందన్న లెక్క. 44,100 శాంపిల్ రేటులో 128 బఫర్ అంటే దాదాపు 3 మిల్లీసెకన్లు, 1,024 అంటే 23. రికార్డు చేసేటప్పుడు చిన్నది, మిక్సింగ్‌లో పెద్దది. సౌండ్ కార్డు ఉన్నవాళ్లు దాని సొంత ఆసియో డ్రైవరే (విండోస్‌లో ఆలస్యం తగ్గించే రకం) ఎంచుకోవాలి. బఫర్ తగ్గించినా ఆలస్యం పోకపోతే మాస్టర్ ట్రాక్ మీద చూడండి. ముందుచూపు ఉన్న లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటి మిక్సింగ్ ప్లగిన్లు పని చేయడానికి కొంత సమయం తీసుకుంటాయి, మిగతా ట్రాకులన్నీ వాటికోసం ఆగుతాయి. పాత ప్రాజెక్టులో మిక్సింగ్ అయిపోయాక మళ్లీ కీబోర్డు వాయించబోయినప్పుడు వచ్చే ఇబ్బంది ఇదే. వాటిని కాసేపు ఆపి వాయించండి.

ప్లగిన్ల విషయానికొస్తే, వీఎస్‌టీ అనే ప్లగిన్ రకాన్ని 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చింది. 2008లో వీఎస్‌టీ3 వచ్చింది, వీఎస్‌టీ2 తయారీ కిట్‌ను 2018లో ఆపేశారు. మీ దగ్గరున్న పాత ఉచిత ప్లగిన్లు చాలావరకు వీఎస్‌టీ2వి, కొన్ని 32 బిట్‌వి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అవి కనిపించకపోతే ఆశ్చర్యపోవద్దు. విండోస్‌లో వీఎస్‌టీ3లకు స్థలం ఒక్కటే: ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్‌టీ3. వేరేచోట పెట్టకండి. మ్యాక్‌లో లాజిక్ వాడేవాళ్లకు వీఎస్‌టీ పనికిరాదు, ఆడియో యూనిట్ రకం వేయాలి. ప్లగిన్ ఒకసారి స్కానింగ్‌లో కుప్పకూలితే, సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పెట్టిన జాబితాలో వేసుకుని మళ్లీ పిలవదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా రాదు. ప్లగిన్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ జాబితాలోంచి తీసి రీస్కాన్ చేయాలి.

ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నది వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) గోల. కొత్త లాప్‌టాప్ సెటప్ చేసేటప్పుడు తెలియకుండానే డాక్యుమెంట్స్ ఫోల్డర్ దాని కిందికి వెళ్లిపోతుంది. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోతుంది, కొన్ని ఫైళ్లు ఆన్‌లైన్‌లో మాత్రమే మిగులుతాయి, ప్రీసెట్లు, శాంపిల్సు "లేవు" అంటుంది. నెట్ సిగ్నల్ సరిగా లేని ఊళ్లో సెషన్ మధ్యలో ఇది జరిగితే చేతులు కట్టేసినట్టే. డాక్యుమెంట్స్‌ను దాన్నుంచి విడదీయండి. శాంపిల్ లైబ్రరీలు బయటి డ్రైవ్‌లో ఉంటే, నిన్న 'E' అక్షరంతో ఉన్న ఆ డ్రైవ్ ఇవాళ 'F' అయినా అంతే సంగతి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి పాత అక్షరం మళ్లీ ఇవ్వండి. శాంపిల్ లైబ్రరీలు వాయించే కాంటాక్ట్ అనే ప్లగిన్ 15 నిమిషాలకు మూగబోతుంటే అది రిపేరు కాదు. ఉచిత ప్లేయర్‌లో, ఫుల్ వెర్షన్ కోసం చేసిన లైబ్రరీ తెరిచారు.

ఇక కొందరికి నచ్చని మాట. క్రాక్ ప్లగిన్లు (డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టి వాడేవి) ఉన్న లాప్‌టాప్‌కు ఇకమీద ప్లగిన్ సర్వీసు చేయం. కేబుల్, డ్రైవర్, కీబోర్డు పనులు చేస్తాం. క్రాక్ ప్లగిన్లు మేం ఎప్పుడూ అమ్మలేదు, కానీ వేరేచోట వేయించుకొచ్చినవి ఇన్నాళ్లూ సర్దుతూ వచ్చాం. ఇక ఆ పని పెట్టుకోను. వాటిని వేయడానికి యాంటీవైరస్ ఆపమంటారు, ఆపిన లాప్‌టాప్‌లోనే మీ బ్యాంకు లావాదేవీలూ జరుగుతాయి. ప్రాజెక్టు కూలిపోతే తప్పు ప్లగిన్‌దా, క్రాక్‌దా ఎవరూ తేల్చలేరు. అప్‌డేట్ చేయలేరు. పైగా పాట మీద నాలుగు రూపాయలు సంపాదిస్తున్నవాళ్లం, పనిముట్టు చేసినవాడికి అతని కూలి దక్కాలి. డబ్బు లేదంటే దారి ఉంది. సర్జ్ ఎక్స్‌టీ, డీసెంట్ శాంప్లర్, టీడీఆర్ నోవా ప్లగిన్లు ఉచితం. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూసి, నచ్చితే 60 డాలర్లకు కొనుక్కోవచ్చు, ఇంటి స్టూడియోకు ఆ లైసెన్సు చాలు. అడిగితే వీటితో ఒక పూర్తి భక్తి పాట ట్రాక్ ఎలా కడతారో షాపులో కూర్చుని చూపిస్తాం, దానికి చార్జీ లేదు.

కొన్న ప్లగిన్లున్నవాళ్లు లాప్‌టాప్ ఫార్మాట్ చేయించే ముందు యాక్టివేషన్ వెనక్కి తీసుకోండి. కొన్ని కంపెనీలు ఇన్ని మెషీన్లకే అని లెక్క పెడతాయి. ఎస్‌ఎస్‌డీ మార్చినా కొన్నిటికి అది కొత్త మెషీనే.

సీజన్ రెండు వారాల్లో ఉందనగా విండోస్ అప్‌డేట్, మ్యాక్ అప్‌డేట్, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, ఏదీ ముట్టుకోకండి. విండోస్‌లో అప్‌డేట్లు కొన్ని వారాలు వాయిదా వేసే వీలుంది. నాదస్వరం, వీణ, మృదంగం ట్రాకులు ఖాయమయ్యాక ఒక్కొక్కటి వేవ్ ఫైలుగా తీసి ప్రాజెక్టు పక్కనే పెట్టుకోండి. ప్లగిన్ రేపు తెరుచుకోకపోయినా పాట ఆగదు, చెన్నైలో మిక్సింగ్‌కు పంపినా వాళ్ల దగ్గర మీ ప్లగిన్ ఉండాల్సిన పని లేదు.

సీజన్ అయ్యేదాకా ఉదయం పూట సర్వీసు, మధ్యాహ్నం నుంచి అమ్మకాలు. ఆదివారం పలమనేరు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకే ఉంచుతున్నాం. ఊళ్లోవాళ్లు మిగతా రోజుల్లో రండి. రాలేనివాళ్లు మీట నొక్కుతుండగా స్క్రీన్ కనిపించేలా చిన్న వీడియో తీసి పంపండి, మీటర్ కనబడితే చాలు. వచ్చేటప్పుడు మీ ఇంట్లో వాడుతున్న కేబులే తీసుకురండి, కొత్తది వద్దు. లాప్‌టాప్ చార్జర్, డాంగిల్ (లైసెన్సు ఉండే యూఎస్‌బీ తాళం) ఉంటే డాంగిల్, ప్లగిన్ అకౌంటు లాగిన్ కూడా. పాస్‌వర్డ్ మాకు చెప్పొద్దు, మీరే టైపు చేయండి.