బడి వెబ్‌సైట్‌లో ఇంకా పాత నోటీసే

సంపాదకుల వారికి,

కావలిలో మా అమ్మాయి చదివే బడి వెబ్‌సైట్ తెరిస్తే మూడేళ్ల కిందటి దసరా సెలవుల నోటీసు ఇంకా గిరగిరా తిరుగుతోంది. బదిలీ అయిపోయిన హెడ్‌మాస్టరు ఫోన్ నంబరే అక్కడుంది. మొన్న వాయుగుండం వానలకు సెలవో కాదో తెలియక, గొడుగేసుకుని గేటు దాకా వెళ్లొచ్చాం. అడిగితే "సైటు చేసినతను చెన్నైలో ఉన్నాడండీ" అన్నారు. ఒక్క లైను మార్చడానికి అంత దూరమా!

2003లోనే వచ్చిన వర్డ్‌ప్రెస్ లాంటి, వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లు ఉచితం. లాగిన్ అయి, తెలుగులో టైప్ చేసి, పబ్లిష్ నొక్కితే చాలు, కోడింగ్ రానక్కర్లేదు. సైటును ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్ ఖర్చు తప్పదనుకోండి. గుమాస్తాకు నోటీసులు మార్చే ఎడిటర్ లాగిన్, హెడ్‌మాస్టరుకు సైటంతా చూసుకునే అడ్మిన్ లాగిన్ ఇచ్చి, పాస్‌వర్డులు బడిలోనే ఉంచుకోవాలి. నవంబరు వానల్లోపు బడులన్నీ ఈ పని చేసేలా విద్యాశాఖ అధికారులు చూడాలి.

- ఒక తండ్రి, కావలి, నెల్లూరు జిల్లా