ఘాట్ కింద లారీ ఆగే చోటు చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

దసరాకి మా సాలూరులో బళ్లన్నీ కడిగి, పూలదండలేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి పూజలు చేశాం, బాగానే ఉంది. మర్నాటి నుంచే దీపావళి సరుకు తొందర. సరుకు పార్టీ ఫోను, ఓనరు ఫోను, ఎక్కడున్నావ్, ఎప్పుడు దిగుతావ్ అని ఒకటే గోల. ఆ తొందర వచ్చేది కూడా సరిగ్గా ఏ రోజుల్లోనో చూడండి. వానలకి రోడ్డు గుంతలు పడి ఉంటుంది, పూడ్చే పని ఇంకా మొదలవదు, పైన ఒడిశాలోని సుంకి, పొట్టంగి వైపు తెల్లవారుజామున మంచు కమ్మేస్తుంది, సాయంత్రం ఆరు కాకుండానే చీకటి. సాలూరు నుంచి ఒడిశా వెళ్లే దారిలోని పి.కోనవలస ఘాట్‌లో లారీ బోల్తా పడిందని వార్త వస్తే కారణం మాత్రం చాలాసార్లు ఒకే ముక్కలో తేలిపోతుంది, బ్రేకులు ఫెయిల్ అని.

బ్రేకులు ఊరికే ఫెయిల్ అవ్వవండీ. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే లోడు బరువంతా బ్రేకు మీదే పడుతుంది, మలుపు మలుపుకీ తొక్కుతుంటే బ్రేకు లైనర్లు కాలి కమురు వాసన కొడుతుంది, డ్రమ్ము అంత వేడెక్కాక ఎంత తొక్కినా పట్టదు. ఎక్కిన గేరులోనే దిగాలని మాకు క్లీనర్లుగా ఉన్నప్పుడే పెద్దవాళ్లు తిట్టి మరీ నేర్పారు. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిను పొగని బిగించి బండి వేగం తగ్గించేది) వేసుకోవాలి, బ్రేకులకి గాలి ఎంతుందో చూపే ఎయిర్ గేజ్ మీద కన్నుండాలి, మంచులో హైబీమ్ వేస్తే కాంతి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది కాబట్టి డిమ్‌లోనే పోవాలి. ఇవి తెలియని డ్రైవరు లేడు. కానీ రాత్రంతా కన్ను మూయనివాడికి తెల్లవారుజాము మూడింటికి ఏది తెలిసి ఏం లాభం?

రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన 2018లో తీసేశారు. క్లీనరు కూడా చాలా బళ్లలో కనపడడం లేదు. మలుపులో వెనక చూసి కేకేసేవాడు లేడు, ఎక్కుడులో ఆగితే దిగి చక్రానికి రాయి పెట్టేవాడు లేడు. (బండి బాగయ్యాక ఆ రాళ్లు రోడ్డు మీదే వదిలేసి పోయే మనవాళ్లని ఏమనాలో నాకు తెలీదు, మంచులో వెనకొచ్చే బైకువాడు వాటికే గుద్దుకుంటాడు.) ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. సరే, ఆపుదామంటే ఎక్కడ ఆపాలి? రోడ్డు పక్కన ఆపితే వెనక నుంచి ఎవడొచ్చి గుద్దుతాడో అని భయం, చీకట్లో ఆపితే డీజిల్, బ్యాటరీ పోతాయని టెన్షన్. ఇక దోమలు. అద్దాలు బిగించి, క్యాబిన్‌లో దోమల చుట్ట వెలిగించి పడుకుంటారు చాలామంది, ఆ పొగలో నిద్రేం పడుతుంది, లేచేసరికి తల దిమ్ము. ఓనర్లు ఒక దోమతెర కొనిస్తే పోయేదేమీ లేదు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. ఏసీ ఉంటే అద్దానికి పట్టే ఆవిరి కూడా పోతుంది. కానీ మా ఊళ్లో తిరిగేవి ఎక్కువ పాతబళ్లే, వాటి డ్రైవరు ఇంకా ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో గుడ్డ పట్టుకునే ఘాట్ దిగుతున్నాడు.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఘాట్ ఎక్కే ముందు సాలూరు వైపు ఒకటి, దిగే ముందు సుంకి పైన ఒకటి, లారీలు వరసగా ఆగేంత చదును స్థలం, రాత్రంతా వెలిగే లైట్లు, నీళ్లు, మరుగుదొడ్డి, ఒక కాపలా మనిషి. మంచు దట్టంగా ఉన్నప్పుడు అక్కడే బళ్లు ఆపించి, తెరిపిచ్చాక వదలాలి. ఇటు ఆంధ్రా, అటు ఒడిశా అని ఫైలు తిరగనక్కర్లేదు, రెండువైపులా ఉన్నది అదే 26వ నంబరు జాతీయ రహదారి. పార్వతీపురం మన్యం, కోరాపుట్ కలెక్టర్లిద్దరూ ఒకసారి తెల్లవారుజామున ఆ ఘాట్ మీదే కలుసుకుని స్థలం చూస్తే కార్తీకం దాటేలోపు కనీసం లైట్లయినా వేయించొచ్చు.

ఇట్లు,
ఒక పాత లారీ డ్రైవరు, సాలూరు