శీనూ, పిల్లల్ని నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్దాం

ప్రియమైన శీనుకి,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? సెలవులకి మీరంతా లండన్ వస్తున్నారని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే సందడి. "అయిదారు వందల ఏళ్ల నాటి బొమ్మలు చూపిస్తే పిల్లలకి బోర్ కొట్టదా?" అని అడిగావు కదా. అది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే ఉత్తరం మొదలుపెట్టాను.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్న నేషనల్ గ్యాలరీకి తప్పకుండా వెళ్దాం. ప్రవేశం ఉచితం. బొమ్మల గురించి చెవిలో వివరించే ఆడియో గైడ్ కూడా తీసుకుందాం, కానీ చాలామంది వాడినట్టు కాదు. పిల్లల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి గదులన్నీ తిప్పేస్తారు. చెవిలో గొంతు చెప్పుకుపోతూ ఉంటుంది, పిల్లవాడేమో నేల చూపులు చూస్తుంటాడు. ముందు బొమ్మ దగ్గర నిలబెట్టి, ఏమేం కనిపిస్తున్నాయో వాళ్లనే చెప్పనివ్వాలిరా. ప్రశ్నలు పుట్టాక ప్లే నొక్కాలి. అప్పుడా గొంతు తాము అడిగినదానికి జవాబు చెబుతున్నట్టు ఉంటుంది.

వాన్ ఐక్ అనే చిత్రకారుడు 1434లో వేసిన ఆర్నోల్ఫీనీ దంపతుల చిత్రంతో మొదలుపెడదాం. ఎత్తు 82 సెంటీమీటర్లే, దగ్గరగా నిలబడి చూడాలి. పట్టపగలు షాండ్లియర్‌లో ఒకే ఒక్క కొవ్వొత్తి ఎందుకు వెలుగుతోంది? కిటికీ దగ్గర నారింజలు, కాళ్ల దగ్గర కుక్కపిల్ల, ఓ మూల విడిచిన చెక్క చెప్పులు. అన్నిటికన్నా వెనక గోడ మీది అద్దం చూడాలి. అందులో ఆ దంపతుల వీపులతో పాటు గుమ్మంలో ఇంకో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. అద్దం పైన గోడ మీద 'వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు' అని లాటిన్‌లో రాసి ఉంటుంది. మా పాప ఆ గుమ్మంలోవాళ్లని తనంతట తనే కనిపెట్టి, వాళ్లెవరో తెలిసేదాకా నన్ను కదలనివ్వలేదు. బొమ్మలోని ఆ భార్య కడుపుతో ఉందా అని మీవాడు అడుగుతాడు చూడు, అందరూ అడుగుతారు. అప్పటి ఫ్యాషన్ ప్రకారం కుచ్చిళ్ల గౌనుని చేత్తో ఎత్తి పట్టుకుందంతే.

తర్వాత హోల్బైన్ అనే ఇంకో చిత్రకారుడు 1533లో వేసిన 'రాయబారులు'. ఇది నిలువెత్తు బొమ్మ. కింద నేల మీద ఏదో సాగదీసిన వింత ఆకారం ఉంటుంది. కుడి పక్కకి వెళ్లి ఏటవాలుగా చూస్తే అది పుర్రె! పిల్లలు అటూ ఇటూ పరిగెత్తడం ఖాయం, పరిగెత్తనీ. తెగిన వీణ తీగ లాంటిది ఒకటుంది, లూట్ అనే వాద్యానిది. ఎడమ వైపు పైమూల, ఆకుపచ్చ తెర వెనక సగం దాగిన శిలువ ఉంది. ఈ రెండూ వాళ్లనే వెతకనిద్దాం.

ఒక్క సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. ఆ కాలపు చిత్రాల్లో చాలావాటికి బైబిల్ కథలు, సెయింట్ల కథలే ఆధారం. అవి పిల్లలకి తెలుసులే అన్నట్టు గైడ్ సాగిపోతే మనవాళ్లు అక్కడే తప్పిపోతారు. అందుకని ట్యూబ్ రైల్లో వెళ్తూ మేరీ దగ్గరికి దేవదూత గాబ్రియేల్ వచ్చిన కథ తెలుగులో చెప్పేద్దాం. నెమలిపింఛం చూడగానే కృష్ణుడని మన పిల్లలు పోల్చుకున్నట్టే, తాళంచెవులుంటే సెయింట్ పీటర్, చక్రం ఉంటే సెయింట్ కేథరిన్ అని ఇట్టే పట్టేస్తారు. రఫేల్ వేసిన కేథరిన్ అక్కడే ఉంది, చక్రానికి ఆనుకుని పైకి చూస్తూ.

నీకో సంగతి తెలుసా? 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో ఆడియో గైడ్ పెట్టినప్పుడు అది రేడియో ప్రసారం. చేతిలో రిసీవర్ పట్టుకున్నవాళ్లందరికీ ఒకేసారి ఒకే మాట వినిపించేది, గుంపంతా కలిసి కదలాల్సిందే. ఇప్పుడు ఆపే బటన్ పిల్లల చేతిలోనే ఉంది. దాన్ని ఎన్నిసార్లు నొక్కినా విసుక్కోకు, నొక్కారంటే ఏదో కనిపించిందన్నమాట. మూడు నాలుగు చిత్రాలు చూసి బయటికి వచ్చేద్దాం, మిగతావి ఇంకోసారి.

శుక్రవారాలు రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి ఆ రోజే వెళ్దాం, తొందరుండదు. ప్రయాణం టికెట్లు ఖాయం కాగానే తేదీలు చెప్పు, ఆ వారం సెలవు పెట్టుకోవాలి. చెల్లెమ్మని అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు మీ అమ్మగారి గోంగూర పచ్చడి మర్చిపోకు.

నీ
రాజు