పొరుగు రాష్ట్రంలో బండి కొన్నవాళ్లంతా పన్ను ఎగ్గొట్టేవాళ్లు కారు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో తమిళనాడు, కర్ణాటక నంబరు బండ్ల గురించి వచ్చిన వార్త చదివినప్పటి నుంచి రాయాలనుకుంటూనే ఉన్నాను. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎగ్గొట్టడానికే జనం ఆ నంబర్లతో తిరుగుతున్నారని, బండ్లు సీజ్ చేస్తామని అధికారులు అన్నట్టు రాశారు. ఎగ్గొట్టేవాళ్లు లేరని నేను అనను. పాండిచ్చేరిలో లేని ఇంటి అడ్రసు చూపించి ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించుకున్న వాళ్ల సంగతి పేపర్లలో చదివాం. కానీ పన్ను కడతాం, నంబరు మార్చండి అని ఆఫీసుల చుట్టూ తిరిగే మాలాంటి వాళ్లని కూడా అదే గాటన కట్టేస్తే ఎలా?

చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం? నరహరిపేట దాటితే తమిళనాడే. జబ్బు చేస్తే వేలూరు సీఎంసీకి పోతాం, పెళ్లి చీరలకు కంచికి పోతాం, పిల్లల ఉద్యోగాలు బెంగళూరులో. తిరుపతి వాళ్లకి చెన్నై రోజూ పోయివచ్చే ఊరు. అక్కడ పాత కార్ల వ్యాపారం పెద్దది, నాలుగు బండ్లు చూసి నచ్చింది ఎంచుకోవచ్చు. అందుకే పోతారు. కొత్త కారైతే పెద్ద చిక్కు లేదు. టెంపరరీ రిజిస్ట్రేషన్ మీద తెచ్చుకుని, ఇన్‌వాయిస్‌తో పాటు డీలరిచ్చే అమ్మకం పత్రం (ఫారం 21), కంపెనీ ఇచ్చే బండి ఫిట్‌నెస్ పత్రం (ఫారం 22) పెట్టి, ఇక్కడే పన్ను కట్టి మన నంబరు తీసుకోవచ్చు. అవస్థంతా సెకండ్ హ్యాండ్ బండికే.

మా ఇంట్లో వాడుతున్న కారు చెన్నైలో ఒక వ్యాపారి దగ్గర కొన్నదే. డబ్బు అకౌంటులో పడేదాకా "ఎన్‌ఓసీ నెల రోజుల్లో మీ ఇంటికే వస్తుంది సార్" అన్నాడు. ఎన్‌ఓసీ అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని పాత ఆర్‌టీఓ ఆఫీసు ఇచ్చే పత్రం. పడ్డాక మాట మారింది. బ్యాంకు లోను క్లియరైనట్టు ఫారం 35 ఇంకా అందలేదన్నాడు. అది వచ్చాక పాత ఓనరు సంతకం తేడాగా ఉందన్నాడు. ఆ తర్వాత పాత ఓనరు సిగ్నల్ దాటిన చలానాలు బయటపడ్డాయి, అవీ మేమే కట్టాం. ఇక ఎన్‌ఓసీ దరఖాస్తు, అంటే ఫారం 28 మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర ఉండాలట. మెకానిక్ బానెట్ ఎత్తి, నంబరు చెక్కిన చోట గ్రీజు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది, చెరిగిపోకుండా పైన సెల్లోటేపు అంటించి ఇచ్చాడు. చివరి అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదని అక్కడి ఆఫీసులో వెనక్కి కొట్టారు. అదే నంబరు ఆర్‌సీ కార్డు మీద స్పష్టంగా అచ్చయి ఉంది. పట్టించుకున్న నాథుడు లేడు.

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 48 ప్రకారం ఎన్‌ఓసీ దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకివ్వరో రాతపూర్వకంగా చెప్పాలి. రెండూ చేయకపోతే ఇచ్చినట్టే లెక్క. అమ్మినవాడు ఎన్‌ఓసీ బదులు దరఖాస్తు రసీదు పెట్టి, తిరస్కరించినట్టు నాకు కబురు రాలేదని డిక్లరేషన్ ఇచ్చినా సరిపోతుందని సెక్షన్ 50లో ఉంది. ఇక్కడి కౌంటరులో ఆ మాట ఎత్తితే "అవన్నీ పుస్తకాల్లో ఉంటాయండీ, ఎన్‌ఓసీ తెండి" అన్నారు. చట్టాన్ని అమలు చేయాల్సిన కుర్చీలో కూర్చుని అనే మాటేనా అది? సెక్షన్ 47 ప్రకారం బండి 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటేనే అక్కడి నంబరుకి మారాలి. ఆ గడువు సంగతి రోడ్డు మీద బండి ఆపేవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. పన్ను రాష్ట్రాల లెక్క కాబట్టి అది వేరే అంటారు. సరే, కడతామనే కదా వచ్చింది. కట్టించుకోరేం?

అసలు పట్టుకోవాల్సింది అమ్మేవాళ్లని. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. బండి తమ చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ బండికి వ్యాపారే ఓనరు కింద లెక్క. ఎన్‌ఓసీకి, పేరు మార్పుకి దరఖాస్తు పెట్టే అధికారం కూడా అతనికే ఇచ్చారు. ఇంత మంచి నిబంధన పెట్టుకుని దాన్ని అడిగేవాడు లేకపోతే ఏం లాభం? చెన్నై వ్యాపారి మన చేతిలో లేడనుకుందాం. తిరుపతిలో, చిత్తూరులో టీఎన్, కేఏ నంబరు బండ్లు వరసగా నిలబెట్టి అమ్ముతున్నారు కదా, ఆ పత్రం గోడకి ఉందో లేదో ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరైనా లోపలికి వెళ్లి చూశాడా? రోడ్డు మీద ఫ్యామిలీతో పోతున్నవాణ్ణి ఆపడం తేలిక, అందుకే ఆపుతున్నారు.

పేరు మారకపోతే నష్టం కొన్నవాడికే కాదు. రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదే అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. చెన్నైలో బండి అమ్మేసి నిశ్చింతగా ఉన్న పెద్దాయన రేపు పూతలపట్టు దగ్గర జరిగిన యాక్సిడెంటుకి కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. ఇటు ఇన్సూరెన్సు పాత పేరు మీదే ఉంటే మన బండి డ్యామేజీకి క్లెయిము రావడమూ కష్టమే. ఇవేవీ ఏ ఆఫీసు బోర్డు మీదా కనిపించవు. నేరుగా వెళ్లినవాడికి నెలలు పట్టే పని గేటు బయటి ఏజెంటుకి చకచకా అయిపోతుంది. సర్వీసులన్నీ ఆన్‌లైన్ అన్నారు, అప్‌లోడ్ చేసిన కాగితాలే మళ్లీ జిరాక్సు తీసి పట్టుకురమ్మంటారు. కులం సర్టిఫికెట్టయినా, పట్టాదారు పాసుపుస్తకమైనా ఇదే వరస. రాష్ట్రం మారినా మార్చుకోనక్కర్లేని భారత్ సిరీస్ నంబరు ఉంది కదా అంటారు. అది ప్రభుత్వ ఉద్యోగులకి, కనీసం నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకి. టమాటా రైతుకి, చిల్లర కొట్టు వ్యాపారికి ఎవరిస్తారు?

ఇదే కష్టంలో ఉన్న పాఠకులకి ఒక్క మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారి ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెన్నై కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. వాడిచ్చిన రసీదు, వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

రవాణా శాఖ వారిని నేను అడిగేది ఇదీ. పొరుగు రాష్ట్రాల బండ్ల కోసం తిరుపతిలో, చిత్తూరులో వారానికి ఒక్కరోజైనా ప్రత్యేకంగా కౌంటరు పెట్టండి. సెక్షన్ 50లో చెప్పిన రసీదు తీసుకోండి. ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టుకున్నట్టు రుజువున్నవాళ్ల బండ్లు సీజ్ చేయకండి. అనుమతి ఉన్న వ్యాపారుల జాబితా ఆఫీసు బయట అతికించండి. సంపాదకుడు గారూ, వీటికి అధికారులేమంటారో మీ విలేకరిని పంపి అడిగించి, ఆ వార్త వేసిన పేజీలోనే వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు