మన కోళ్ల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సంఘంలోని అక్కలకీ, పిన్నులకీ, అత్తలకీ నమస్కారం. జమాఖర్చుల కాగితం పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం, లెక్కలు అక్కడ చూసుకోండి. ఇక్కడ పని సంగతులే.

ముందు టీకాల గురించి, ఎందుకంటే ఏడాదంతా మన తల తిన్నది అదే. గజపతినగరం చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా, కొక్కెర తెగులు (రాణిఖెత్ రోగం) దూరిందంటే వారం తిరక్కుండా గూడు ఖాళీ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు, ముందే టీకా పడాలి: పిల్లకి 5–7 రోజుల వయసులో లసోటా అనే టీకా ఒక చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ, 8 వారాలకి ఆర్2బి అనే టీకా అర సీసీ రెక్క కింద సూదితో. ఖరీదు పెద్దదేం కాదు, చిక్కంతా సీసాతోనే. సీసా విప్పితే వంద కోళ్లకి పైగా వస్తుంది, కలిపిన మందు రెండు గంటల్లో వాడెయ్యాలి, ఐసులోంచి తీసి ఎండలో పెట్టామా ఇక నీళ్లు ఎక్కించినట్టే. అయిదారు కోళ్లున్న ఇల్లు ఒక్కటే కొనుక్కుంటే దండగ. అందుకే వీధి వీధంతా ఒకే రోజు, తెల్లారకముందే, గంపలు ఎత్తకముందే వేస్తున్నాం (గంప ఎత్తాక నాటుకోడిని పట్టుకోవడం ఎవరి తరం?). పశువుల ఆసుపత్రి డాక్టరుగారు దగ్గరుండి చూపిస్తే మనలో కొందరు సూది కూడా నేర్చుకున్నారు, ఇప్పుడు ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

"మందేసినా చచ్చే కోడి చస్తాది" అని తలుపు తియ్యనివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోళ్లూ మన కోళ్లూ ఒకే పెంటకుప్ప మీద గీరుకుంటాయి కాబట్టి అలిగి ఊరుకుంటే నష్టం మనకే, మళ్లీ వెళ్లి అడుగుదాం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే, మన కోళ్లకి ఏమీ కాకపోయినా బేరాలు ఆగిపోయాయి. బాగా ఉడికించిన మాంసంలో ఆ వైరస్ బతకదని ఎంత చెప్పినా వినే నాథుడు లేడు. అప్పటి నుంచీ సంతలో కొన్న కోడిని రెండు వారాలు వేరే గంపలో ఉంచాకే మందలో కలపాలన్న రూలు పెట్టాం. అది తియ్యం.

గ్రామప్రియ (పెరట్లో గుడ్ల కోసం పెంచే రకం) కోడిపిల్లలు తెచ్చినవాళ్లకి గుడ్లు బాగానే వస్తున్నాయి, కానీ గుడ్లు పొదగడానికి నాటుపెట్టే దిక్కు. నాటు జాతిని వదిలెయ్యకండి.

ఇక అమ్మకం. నూకలు వేసేది, గూడు ఊడ్చేది, గద్ద వస్తే అరుచుకుంటూ పరిగెత్తేది మనం. బేరగాడు మాత్రం అరుగు మీద ఇంటాయనతో మాట్లాడి, పుంజుని చేత్తో పైకెత్తి ఇంతే బరువని ఓ మాట అనేసి పట్టుకుపోయేవాడు. కనుమ ముందు సంఘం కాటా కొన్నది ఇందుకే. ఇకపై తూకం మన కళ్ల ముందు, డబ్బు పెంచిన మనిషి చేతికి. కొందరి ఇళ్లలో దీని మీద గొడవలయ్యాయని తెలుసు, అయినా తీర్మానం మార్చే ఉద్దేశం లేదు, ఎవరికైనా ఇబ్బందైతే ఒంటరిగా వాదించకుండా సంఘానికి చెప్పండి.

కొత్త పిల్లలు కావలసినవాళ్లు వానలు పడేలోపు పేరు రాయించండి. టీకా ఫ్లాస్కు ఎవరింట్లో ఉండిపోయిందో చూసి తెచ్చివ్వండి, అది టీ పోసుకునేది కాదు.